ఏడు లెక్క దగ్గర ఆగిపోయాం: లెబ్ ఇ సోల్ బ్యాండ్ గురించి ఎవరికైనా తెలుసా?

హన్మకొండ గిటార్:
మాది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. హన్మకొండ, కాజీపేట, పరకాల వైపు రిసెప్షన్లకు వాయిస్తాం. ఇప్పుడు మూఢం, బుకింగ్‌లు లేవు. ఖాళీగా ఎందుకని మా మేడ మీద గదిలో కొత్తవి పట్టుకుంటున్నాం. యూట్యూబ్‌లో 'యోవానో యోవాంకే' అని ఒక పాట దొరికింది. యూరప్‌లోని మాసిడోనియా జానపదమట. ఏడు దెబ్బలకు ఒక ఆవర్తం, అంటే ఒక చుట్టు. వ్లాట్కో స్టెఫానోవ్‌స్కీ అనే ఆయన ఇంకొకాయనతో కలిసి రెండు గిటార్ల మీద వాయించాడు. వారం నుంచి అదే నా చెవుల్లో ఉంది. అందులో డ్రమ్స్ లేవు, చూసి నేర్చుకుందామంటే మా డ్రమ్మర్‌కు ఆధారం లేదు. ప్రతిసారీ ఏడో దెబ్బ దగ్గర ఆగకుండా ఎనిమిదో దెబ్బ కూడా వేసి నా వైపు అమాయకంగా చూస్తాడు.
రెండు ప్రశ్నలు. ఈ వ్లాట్కోకు లెబ్ ఇ సోల్ అని ఒక రాక్ బ్యాండ్ ఉండేదట, దాని కథేంటి? ఈ ఏడు దెబ్బల లెక్క మావాడి చేతికి ఎక్కేదెలా?

వడ్డేపల్లి కట్ట:
తమ్మీ, నాకీ పిచ్చి ఆర్‌ఈసీ హాస్టల్ రోజుల నుంచి ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. 1976లో మాసిడోనియా రాజధాని స్కోప్యేలో మొదలైంది ఆ బ్యాండ్. మదర్ థెరిసా పుట్టిన ఊరే అది. 1963 భూకంపంలో వెయ్యి మందికి పైగా పోయి, ఊళ్లో చాలా భాగం కూలితే మళ్లీ కట్టుకున్నారు. అప్పట్లో యుగోస్లావియాలో భాగం. వ్లాట్కో గిటార్, బోదన్ అర్సోవ్‌స్కీ బాస్, నికోలా దిముషెవ్‌స్కీ కీబోర్డు, గరబెత్ తావిత్యాన్ డ్రమ్స్. పేరుకు అర్థం రొట్టె, ఉప్పు. మనం ఇంటికొచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చినట్టు వాళ్లు అవి పెడతారు.
1978లో ఒకే ఏడాదిలో రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. ఎక్కువగా మాటల్లేని జాజ్ రాక్. ఊళ్లో పెళ్లిళ్లకు వాయించే వరసలనే ఎలక్ట్రిక్ గిటార్ మీదికి ఎక్కించారు, అదీ వాళ్ల గొప్ప. తర్వాత దేశమంతా అమ్ముడుపోవాలి కదా, సెర్బో-క్రొయేషియన్‌లో పాటలు పెరిగాయి. ఎనభైల్లోని ఆ కీబోర్డు మోత నాకైతే పడదు, తిట్టుకున్నా సరే. మాసిడోనియన్ భాషలోనే పాడాలని పట్టుబట్టింది అదే ఊరి ఇంకో బ్యాండ్, మిజార్. దాని మొదటి ఆల్బమ్ 1988లో వచ్చింది.
1991లో మాసిడోనియా విడిపోయింది. రికార్డులు కొనే పెద్ద దేశమే ముక్కలైంది. 1995లో బ్యాండ్ ఆగింది. 2006లో ముప్పై ఏళ్ల పేరుతో మళ్లీ కలిసి ఊళ్లు తిరిగారు. నువ్వు విన్న రెండు గిటార్ల రికార్డు 1998 నాటి 'క్రూషెవో', రెండో ఆయన మిరోస్లావ్ తాదిచ్.

మృదంగం మాస్టారు:
బాబూ, ఏడు లెక్కపెట్టించకండి, అక్కడే చెడుతుంది. నోటితో అనిపించండి: తకిట తక ధిమి. మూడు, రెండు, రెండు. మన కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు తాళం అదే. ఇంట్లో ఎవరైనా 'నిధి చాల సుఖమా' పాడితే పక్కన కూర్చుని తొడ మీద వేయమనండి. కాకపోతే నడక వేరు. వాళ్లకది అడుగులేసే లెక్క, లెస్నోతో అని చేతులు పట్టుకుని వరసగా ఆడతారు. ఒక నిదానపు అడుగు, రెండు చురుకువి. బతుకమ్మ చుట్టూ తిరిగిన కాళ్లకు కష్టం కాదు. మీ డ్రమ్మర్‌ను ముందు స్టూలు మీంచి లేపి నడిపించండి.

కాజీపేట జంక్షన్:
మీవాడికి తీన్‌మార్ వచ్చు కదా? మూడు అయిపోయినట్టే, ఇంకో నాలుగు నేర్పితే సరి 😀

హన్మకొండ గిటార్:
జంక్షన్ అన్నా, ఆ మాట వాడికి చూపించా, అలిగాడు.
మాస్టారు గారూ, నిన్న రాత్రి మేడ మీద చెప్పులు విడిచి గుండ్రంగా నడిచాం, తకిట తక ధిమి అనుకుంటూ. కింద నుంచి అమ్మ ఎవరికేమైందని అరిచింది. పదకొండు దాటాక మావాడు కిట్ మీద కూర్చుని నలభై ఆవర్తాలు తప్పకుండా కొట్టాడు, నేను లెక్కపెట్టా. వడ్డేపల్లి అన్నా, వార్దార్ నది ఒడ్డున తెల్లబట్ట ఆరేసే పిల్ల పాట అట అది. మాటలు నాకు నోరు తిరగడం లేదు, గిటార్ మీదే కానిస్తాం. మూఢం పోయాక మొదటి రిసెప్షన్‌లో భోజనాల టైమ్‌కు పెడుతున్నాం. అప్పుడైతే ఎవరూ స్టేజీ వైపు చూడరు.