డిస్క్ సగం కూడా నిండలేదు, అలర్ట్ మెయిల్ మాత్రం ఆగట్లేదు

మధురవాడ నుంచి:
అందరికీ నమస్తే, డిస్క్ 80 శాతం దాటితే మెయిల్ పంపమని బ్యాష్ స్క్రిప్ట్ (కమాండ్ల ఫైల్) రాసి, పది నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టాను, ఇఫ్ పక్కన [ $వాడకం > 80 ] లాంటి కండిషనే ఉంది. డిస్క్ చూస్తే 42 శాతమే, మెయిల్ మాత్రం పది నిమిషాలకోటి వచ్చి పడుతోంది. ఎర్రర్ కూడా ఏం చూపించట్లేదు. కాస్త చెప్పండి.

గాజువాక నుంచి:
తమ్ముడూ, ముందు నీ హోమ్ ఫోల్డర్‌లో చూడు, 80 అనే పేరుతో ఖాళీ ఫైల్ ఉందా?

మధురవాడ నుంచి:
ఉందన్నా! రెండుసార్లు డిలీట్ చేశా, మళ్ళీ వచ్చేస్తోంది.

గాజువాక నుంచి:
అదే నీ తప్పు. సింగిల్ బ్రాకెట్‌లో > అంటే పెద్దది అని కాదు, అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి తోసే గుర్తు, అందుకే 80 అనే ఫైల్ పుడుతోంది, ఇక బ్రాకెట్‌లో మిగిలింది 42 ఒక్కటే, ఖాళీ కాని మాట ఏదున్నా షెల్‌కి (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కి) అది నిజమే. నంబర్లకి > తీసేసి -జీటీ (-gt, పెద్దదా అని చూసేది) వాడు.

మధురవాడ నుంచి:
మార్చానన్నా, మెయిల్స్ ఆగాయి కానీ ఇప్పుడు ఇంటీజర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌పెక్టెడ్ (పూర్ణసంఖ్య కావాలి) అని ఎర్రర్ ఇస్తోంది. మెయిల్ ఆగింది కదా, వదిలేయొచ్చా?

గాజువాక నుంచి:
అస్సలు వదలకు! డిస్క్ వాడకం చూపే డీఎఫ్ కమాండ్ ఇచ్చేది 42 కాదు, 42%, ఆ % గుర్తు వల్ల అది నంబరే కాదంటోంది. ఎర్రర్ వచ్చినా ఇఫ్ దాన్ని అబద్ధం కిందే లెక్కేసి ఎల్స్‌లోకి (కండిషన్ నిజం కానప్పటి దారిలోకి) పోతుంది, అంటే రేపు డిస్క్ నిజంగా నిండినా నీకు మెయిల్ రాదు. మా దగ్గర ఇలాగే డేటాబేస్ ఆగిపోయి తెల్లారేదాకా కూర్చున్నాం. అక్షరాలు తీసేసే టీఆర్ కమాండ్ ఉంది, టీఆర్ -డి '%' (tr -d '%') తో ఆ గుర్తు తీసేయి.

సీతమ్మధార నుంచి:
డబుల్ బ్రాకెట్ పెట్టి > ఉంచేస్తే పోదా గురూ?

గాజువాక నుంచి:
పోదు, ఫైల్ పుట్టదు గానీ అక్కడ > అక్షరాల వరసలో పోలుస్తుంది, 9 పెద్దది 80 కంటే, 100 చిన్నది 80 కంటే. సరిగ్గా డిస్క్ మొత్తం నిండిన రోజే నోరు మూసుకుంటుంది.

మధురవాడ నుంచి:
% తీసేశా, లిమిట్ 40కి దించి చూస్తే మెయిల్ వచ్చింది, మళ్ళీ 80 చేస్తే రాలేదు, ఎర్రర్ కూడా పోయింది. ఆ ఖాళీ ఫైల్ కూడా మళ్ళీ పుట్టలేదన్నా, చాలా థాంక్స్.