మహిళా దినోత్సవం సినిమా: హాలు పోయింది, అర్జెంటుగా చూడండి

కల్చరల్ టీం: హాలు కమిటీ నుంచి ఇప్పుడే మెయిలొచ్చింది. 'ఒసేయ్ రాములమ్మ' వేస్తామంటే హాలివ్వరట. "రాజకీయ సినిమా. హీరోయిన్ విజయశాంతి 2009లో మెదక్ ఎంపీ, ఇప్పుడు ఎమ్మెల్సీ. మా ట్యాక్సు మినహాయింపుకి ఇబ్బంది" అంటున్నారు. గురువారం రాత్రికల్లా ఫ్లయర్ పోవాలి. సౌండు, బ్యానరు, సమోసాలు, పిల్లల మూల: ఎవరేది చూస్తారో పేర్లు రాసెయ్యండి.

కోశాధికారి: అడ్వాన్సు తిరిగిస్తారా? ముందది తేల్చండి.

ఫ్లయర్ తమ్ముడు: 501(సి)(3), అంటే అమెరికాలో మనలాంటి లాభాపేక్షలేని సంస్థలకి ట్యాక్సు మినహాయింపిచ్చే సెక్షన్, వద్దనేది ఎన్నికల్లో అభ్యర్థి తరఫునో, వ్యతిరేకంగానో ప్రచారం. 1997 సినిమా చూపించి ఎవరికి ఓటెయ్యమంటాం?

సౌండ్ అన్న: వాళ్ళతో వాదనెందుకమ్మా. అదే విజయశాంతిది 'కర్తవ్యం' వేద్దాం. పోలీసాఫీసరు, ఫైట్లు, నేషనల్ అవార్డు. కులం గొడవుండదు, యాస గొడవుండదు.

పాలమూరు అక్క: యాస గొడవనా? అన్నా, అప్పటిదాంక మా తెలంగాణ మాట సిన్మాల ఎక్కువ ఎవలకిచ్చిన్రు? రౌడీకి, లేకుంటే నవ్వించెటోనికి. దొర ముంగట తలెత్తి అదే మాట మాట్లాడింది రాములమ్మ. మా అమ్మ గద్వాల టాకీసుల లేచి నిలబడి చూసింది. గొడవ వద్దనుకుంటే ముగ్గులపోటీ పెట్టుకోండ్రి, నేను రాను.

సౌండ్ అన్న: నేనలా అన్నానా? ప్రతిదీ ఇలా లాగితే ఎలా. సౌండు ఇంకెవరైనా చూసుకోండి.

విశాఖ వదిన: ఇద్దరూ కాస్త ఆగండి. 'కర్తవ్యం'లో వైజయంతికి యూనిఫాం ఉంది, చట్టాన్ని పనిచేయించడమే ఆమె పోరాటం. రాములమ్మకి ఆ చట్టం గడపే అందదు, అందుకే తుపాకీ. తన్నేది ఇద్దరూ ఆడవాళ్ళే, ఎవర్ని తన్నాలో తేల్చే రాజకీయం వేరు. ఒకటి తీసి ఇంకోటి పెడితే సరిపోదు. నాకు నచ్చనిదీ ఉంది: అణగారిన కులం పిల్ల మీద అత్యాచారం చూపిస్తే తప్ప ఆమె చేతికి ఆయుధం ఇయ్యలేకపోయారు డైరెక్టర్ దాసరిగారు. అది కూడా మాట్లాడుకోవాలి.

పాలమూరు అక్క: గది నిజమే వదినా.

ఫ్లయర్ తమ్ముడు: అడగడం మరిచాం. పబ్లిక్‌గా వెయ్యడానికి హక్కులున్నవాళ్ళ పర్మిషన్ ఉందా? డీవీడీ కొంటే ఇంట్లో చూడ్డానికే.

కోశాధికారి: లేదు. కొనడానికి డబ్బుల్లేవు.

కల్చరల్ టీం: అంటే హాలిచ్చినా ఆగేదే. ఇప్పుడేం చేద్దాం?

విశాఖ వదిన: శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మీటింగు రూము ఖాళీ. ఉచితం. రెండు సినిమాలూ ఇళ్ళల్లో చూసి రమ్మందాం, అక్కడ మాటలే. అక్క మొదలెడుతుంది.

పాలమూరు అక్క: నేనా? సరే. పాట గూడ పాడుత.

సౌండ్ అన్న: అక్కా, ఫోన్ చేస్తున్నా, ఎత్తు.

పాలమూరు అక్క: మాట్లాడుకున్నం. అన్న మైకు తెస్తడట.

ఫ్లయర్ తమ్ముడు: ఫ్లయర్‌లో హీరోయిన్ ఫొటో తీసేశా. గంటలో పంపుతా.

కిచెన్ వదిన: లైబ్రరీ గదిలో తిండి పెట్టనివ్వరు. నా 150 సమోసాల సంగతేంటి?

సౌండ్ అన్న: బయట పార్కింగులో పంచుదాం. మడత బల్ల నా వ్యాన్‌లోనే ఉంది.

కిచెన్ వదిన: మార్చి గాలికి ఎగిరిపోతాయి. మూతలున్న ట్రేలు ఎవరింట్లో ఉన్నాయి?