డెంటల్ క్లినిక్‌లో చేరుతున్నాను, హిపా, ఓషా సర్టిఫికెట్లు కొనాలా?

ఇర్వింగ్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారమండీ. గుంటూరులో బీడీఎస్ చేసి రెండేళ్లు అక్కడే ప్రాక్టీస్ చేశాను. హెచ్‌ఫోర్ (మావారి వర్క్ వీసా మీద నాకొచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చి ఏడు నెలలైంది, పోయిన నెలే ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికొచ్చింది. ఇక్కడ ఒక చిన్న క్లినిక్‌లో డెంటల్ అసిస్టెంట్‌గా తీసుకుంటున్నారు, వచ్చే సోమవారం చేరాలి. ఫ్రంట్ డెస్క్ ఆవిడ ఫోన్ చేసి హిపా (పేషెంట్ల వివరాల గోప్యత చట్టం), ఓషా (పనిచేసేచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్లు ఉన్నాయా అని అడిగింది. నెట్‌లో చూస్తే ఒకచోట రెండూ కలిపి 149 డాలర్లు అంటున్నారు. కట్టేయమంటారా? తెలియక ఏదైనా తప్పు చేస్తే వీసాకి ముప్పేమోనని మావారికి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ప్లేనో నుంచి జవాబు (డెంటల్ ఆఫీస్ మేనేజర్, పదకొండేళ్లుగా):

చెల్లీ, ముందు ఆ 149 డాలర్లు నీ దగ్గరే ఉంచుకో. హిపాకి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ అంటూ లేదు. ఆ కాగితం అమ్మేవాళ్లందరూ ప్రైవేటు వాళ్లే. ట్రైనింగ్ ఇప్పించడం నిన్ను పనిలో పెట్టుకున్నవాళ్ల బాధ్యత. ఓషాలో రక్తం ద్వారా వచ్చే జబ్బుల ట్రైనింగ్ ఉంటుంది కదా, దాన్ని నీకు అలాంటి పని అప్పగించేటప్పుడే, పని గంటల్లోనే, పైసా తీసుకోకుండా ఇవ్వాలి. తర్వాత ఏటా ఒకసారి. మన టెక్సాస్‌కి పేషెంట్ల గోప్యత మీద సొంత చట్టం కూడా ఉంది. దాని ప్రకారం చేరిన 90 రోజుల్లోపు ట్రైనింగ్ అయిపోవాలి. నీకు నిజంగా కావలసిన కాగితం వేరే ఉంది. ఎక్స్‌రేలు తీయాలంటే స్టేట్ డెంటల్ బోర్డులో రిజిస్టర్డ్ డెంటల్ అసిస్టెంట్‌గా నమోదు కావాలి. డబ్బు పెట్టేదేదో దానికి పెట్టు.

ఇక హిపా సంగతి. 1996 నాటి చట్టం అది, గోప్యత నియమాలు 2003 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎన్ని పేజీలు చదివినా మనవాళ్లు దొరికిపోయేది మాత్రం ఒకే చోట, మాటల్లో. నా సంగతే చెబుతాను. మొదట చేరిన క్లినిక్‌లో మూడో వారం అనుకుంటా, వెయిటింగ్ రూమ్‌లో ఒక తెలుగు పెద్దావిడ నా మెడలో నల్లపూసలు చూసి పలకరించింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నీ అయ్యాక, "మా తోడికోడలు కూడా మీ దగ్గరికే వస్తోందటగా, రూట్ కెనాల్ అయిపోయిందా?" అంది. నేను ఆలోచించకుండా "ఇంకా ఒక సిట్టింగ్ ఉందండీ" అన్నాను. ఆ తోడికోడళ్లకి మాటల్లేవని నాకేం తెలుసు! సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. మా మేనేజర్ నన్ను కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు రాయించుకుంది. పేషెంట్‌కి లెటర్ వెళ్లింది, నా ఫైల్లో ఒక కాగితం చేరింది. ఉద్యోగం పోలేదు కానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ట్రీట్‌మెంట్ వివరాలు చెప్పకూడదని అందరికీ తెలుసు. ఆవిడ మన పేషెంటే అన్న ముక్క కూడా బయటపెట్టకూడదని నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే మాట: "ఎవరొస్తారో చెప్పకూడదండీ. రేపు మీ గురించి ఎవరైనా అడిగినా ఇదే చెబుతాను." రెండో వాక్యం తప్పకుండా అను, ఎవరూ నొచ్చుకోరు. గుడిలో కనిపించినా, బర్త్‌డే పార్టీలో కనిపించినా ఇదే. నలుగురిలో "పన్ను నొప్పి తగ్గిందా ఆంటీ" అని నువ్వుగా పలకరించకు. ఆవిడగా ఎత్తితే వేరే సంగతి.

ఇంకోటి, వాట్సాప్. నువ్వు డాక్టర్‌వి కాబట్టి ఆసక్తికరమైన ఎక్స్‌రే కనిపిస్తే గుంటూరు బ్యాచ్ గ్రూప్‌లో పెట్టాలని చెయ్యి లాగుతుంది. పేరు కత్తిరించేశాను కదా అనుకుంటావు. పుట్టిన తేదీ, ట్రీట్‌మెంట్ జరిగిన తేదీ, పూర్తి ముఖం కనిపించే ఫోటో, ఇలాంటివి మొత్తం 18 రకాలు ఉన్నాయి, మనిషిని పట్టించే వివరాలుగా లెక్క. నీ సొంత ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీయకు, అంతే. అలాగని ఇంకో డాక్టర్‌ని అడగడమే నేరం కాదు. ట్రీట్‌మెంట్ కోసం డాక్టర్లు ఒకరికొకరు పంపుకోవచ్చు, దానికి పేషెంట్ సంతకం కూడా అక్కర్లేదు. కాకపోతే క్లినిక్ వాడే భద్రమైన దారిలో వెళ్లాలి.

లేనిపోని భయాలూ ఉన్నాయి. వెయిటింగ్ రూమ్‌లో పేరు పెట్టి పిలవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన పక్కన కూతురు కూర్చుని తెలుగులో చెబుతుంటే, ఆయనకి అభ్యంతరం లేకపోతే చాలు, ఆమె ముందు మాట్లాడవచ్చు. ఇండియా వెళ్తున్నామని ఎక్స్‌రే కాపీలు అడిగితే 30 రోజుల్లో ఇచ్చి తీరాలి. బిల్లు బాకీ ఉంది కాబట్టి ఇవ్వం అనడానికి లేదు.

మీవారి టెన్షన్‌కి ఒక మాట. నోరు జారితే మామూలుగా మందలింపో, మహా అయితే ఉద్యోగం పోవడమో. క్రిమినల్ కేసు అనేది తెలిసి తెలిసి చేసినవాళ్లకి. లాస్ ఏంజిలిస్‌లో ఒకాయన ఉండేవాడు, చైనాలో సర్జన్, ఇక్కడ యూనివర్సిటీలో రీసెర్చ్ ఉద్యోగం. తీసేస్తున్నామని నోటీసు వచ్చాక తోటివాళ్ల రికార్డులు, సినిమావాళ్ల రికార్డులు తెరిచి చూశాడు. అమ్ముకున్నాడని కాదు, ఊరికే చూశాడు. 2010లో నాలుగు నెలల జైలు పడింది. కాబట్టి పని లేని ఫైల్ తెరవకు, అది మీ ఆయన ఫైలైనా సరే. క్లినిక్ సిస్టమ్‌లో ఎవరు ఏది ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది.

హ్యూస్టన్ నుంచి జవాబు (డెంటిస్ట్):

డాక్టర్ గారూ, పైన మేడమ్ గారు హిపా చెప్పేశారు కాబట్టి నేను సూది గురించే చెబుతాను.

ఇండియాలో కాలేజీలో సూది గుచ్చుకుంటే మనం ఏం చేసేవాళ్లం? స్పిరిట్ రాసి, గ్లవ్ మార్చి, తర్వాతి పేషెంట్‌ని పిలిచేవాళ్లం. ఇక్కడ లైసెన్స్ రాకముందు నేనూ అసిస్టెంట్‌గానే చేశాను. రెండో నెలలో ఎనస్తీషియా సూదికి రెండు చేతులతో క్యాప్ పెడుతుంటే బొటనవేలికి దిగింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. చేతకానివాడనుకుంటారని భయం. నాలుగు రోజులు నిద్ర లేదు. ఆ పేషెంట్‌కి హెపటైటిస్ సి ఉందేమో, హెచ్‌ఐవీ ఉందేమోనని చార్ట్ తెరిచి చూడాలనిపించేది, అదింకో తప్పు. చివరికి చెప్పాను. ఓనర్ తిట్టలేదు, "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు" అని మాత్రం అన్నాడు.

అలా అనడానికి కారణం ఉంది. హెచ్‌ఐవీకి మందు మొదలుపెట్టాల్సి వస్తే గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటాక ఇవ్వరు. నేను నోరు మూసుకున్న నాలుగు రోజుల్లో ఆ గడువు కాస్తా దాటిపోయింది. మీకు గుచ్చుకుంటే సబ్బుతో, నీళ్లతో కడగండి. పిండడం, బ్లీచ్ పోయడం వద్దు. వెంటనే చెప్పండి. డాక్టర్ పరీక్ష, రక్తపరీక్షలు, అవసరమైతే మందులు, అన్నీ యజమాని ఖర్చే. సమ్మతి తీసుకుని ఆ పేషెంట్‌కీ పరీక్ష చేయిస్తారు. మీ రిపోర్టు క్లినిక్‌లో అందరూ చూసేది కాదు.

సోమవారం వెళ్లగానే అడగాల్సింది ఎక్స్‌పోజర్ కంట్రోల్ ప్లాన్, అంటే రక్తం ద్వారా జబ్బులు అంటకుండా క్లినిక్ పెట్టుకున్న ప్లాన్, ఎక్కడుందని. రాతలో ఉండాలి, ఏటా తిరిగి చూడాలి. దాంట్లో సూది గుచ్చుకుంటే ఏ ఆస్పత్రికి వెళ్లాలో ఉంటుంది. అది చూపించలేకపోతే ఆ క్లినిక్ ఎలాంటిదో మీకే అర్థమవుతుంది. రెండు చేతులతో క్యాప్ పెట్టడం మర్చిపోండి. ట్రేలో పెట్టిన క్యాప్‌లోకి ఒంటిచేత్తో సూదిని తోయడం వారంలో అలవాటవుతుంది. సూదులు వేసే డబ్బాను పీకలదాకా నింపనివ్వకండి, అంచుదాకా వచ్చాక వేలితో కుక్కేవాళ్లని చూశాను.

హెపటైటిస్ బి టీకా కూడా చేరిన పది పనిరోజుల్లోపు ఉచితంగా ఇవ్వజూపాలి. మీరు బీడీఎస్‌లోనే వేయించుకుని ఉంటారు కదా, ఆ కార్డు తెప్పించుకోండి. కార్డు లేకపోతే యాంటీబాడీ పరీక్షలో 10 యూనిట్లు దాటి ఉందేమో చూస్తారు. "టీకా వద్దు" అని సంతకం పెట్టే ఫారం ఒకటి చేతికిస్తారు. తొందరలో దాని మీద గీకేయకండి. ఒకవేళ పెట్టినా, తర్వాత కావాలంటే ఉచితంగానే వేయించాలి.

ఎడిసన్ నుంచి జవాబు:

కొత్తగా క్లినిక్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. "ఓషా పోస్టర్ లేదు, వెంటనే డబ్బు కట్టండి" అని అచ్చం గవర్నమెంట్ లెటర్‌లా వస్తుంది. నేను ఒకసారి కట్టాను, సిగ్గుచేటు. ఆ పోస్టర్ ఓషా వాళ్లే ఉచితంగా ఇస్తారు. ఇంకోటి, ఆన్‌లైన్ రివ్యూల్లో పేషెంట్ తిడితే రోషానికి పోయి వివరాలతో జవాబివ్వకండి. డాలస్‌లో ఒక డెంటల్ ప్రాక్టీస్ అలా చేసి 2019లో 10,000 డాలర్లు కట్టుకుంది.

శాన్ హోసే నుంచి జవాబు:

ఈఏడీ లేకుండా షాడోయింగ్ (జీతం లేకుండా క్లినిక్‌లో పక్కన నిలబడి చూసి నేర్చుకోవడం) చేసే అక్కాచెల్లెళ్లకి కూడా ఒకటి చెప్పాలి. జీతం లేకపోయినా హిపా నియమాలు మీకూ వర్తిస్తాయి. ఓషా రక్షణ మాత్రం మామూలుగా ఉద్యోగులకే. అంటే సూది గుచ్చుకుంటే మీ ఇన్సూరెన్సే దిక్కు. చూడండి, నేర్చుకోండి, వాడిన పరికరాలు మాత్రం ముట్టుకోకండి. "మనవాళ్లే కదా, కాస్త ట్రేలు కడిగిపెట్టమ్మా" అంటారు. వద్దు.

ఇర్వింగ్ నుంచి మళ్లీ:

అందరికీ చాలా థాంక్స్. 149 డాలర్లు మిగిలాయి. ఇంకో చిన్న సందేహం. ల్యాబ్ కోటు ఇంటికి తెచ్చి ఉతుక్కోమన్నారు. అలా చేయొచ్చా? స్టెరిలైజేషన్ రూమ్ పక్కనే లంచ్ చేస్తామని కూడా చెప్పింది ఆవిడ.

ప్లేనో నుంచి:

రక్తం, ఉమ్మి పడకుండా ఆపే కోటయితే అది రక్షణ దుస్తుల కిందే లెక్క, ఉతికించడం వాళ్ల పని. ఇంటికి తేకు, పిల్లలున్న ఇల్లు కదా. లోపల వేసుకునే స్క్రబ్స్ మామూలుగా ఎవరివి వాళ్లే ఉతుక్కుంటారు. లంచ్ వేరే గదిలో, తలుపు వేసుకుని. వాడిన పరికరాలు కడిగేచోట నీ పెరుగన్నం డబ్బా తెరవద్దు. మొదటిరోజే గొడవకి దిగకుండా "ప్లాన్‌లో లంచ్ ఎక్కడ అని రాసుంది?" అని మెల్లగా అడుగు.

ఇర్వింగ్ నుంచి:

సరే అక్కా. టీకా కార్డు కోసం అమ్మకి ఫోన్ చేశాను. బీరువాలో నా పదో తరగతి మార్కుల లిస్టు దొరికిందట, ఇంకా వెతుకుతోంది.