హాలుకు క్రీమ్ కలరా, నెమలికంఠం రంగా?

ప్రశ్న (రాజమండ్రి):
మా హాలు 12 అడుగులకు 14. ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. లప్పం, ప్రైమర్ అయిపోయాయి, సోమవారానికల్లా రంగు తెచ్చిపెట్టమంటున్నాడు పెయింటరు. అమ్మ క్రీమ్ కలర్ తప్ప వద్దంటోంది. నాకేమో నాలుగు గోడలూ నెమలికంఠం రంగులో ఉండాలని ఎప్పటినుంచో కోరిక. ఏది నయం?

జవాబు 1 (హైదరాబాద్):
మీ అమ్మగారి మాటే వినండి. ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు. షేడ్ కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, గోడ ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో చెప్పేది. లేత క్రీమ్‌కు అది 70, 80 దాకా ఉంటుంది, ముదురు నీలాలకు 10 దగ్గర ఆగిపోతుంది. పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తుందండీ.

జవాబు 2 (విశాఖ):
నేను ఒప్పుకోను. హాల్లో అందరూ కూర్చునేది సాయంత్రం. మా ఇంట్లో ముదురు ఆకుపచ్చ వేసి, పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బులు పెట్టాం. ఆ గోడ ముందు అమ్మమ్మ ఇత్తడి కుందులు ఎంత నిండుగా కనిపిస్తాయో! అంతకుముందు అక్కడ క్రీమే ఉండేది. దివాన్ మీద కూర్చుని తల ఆనించిన చోటల్లా నూనె మరకే.

జవాబు 3 (గుంటూరు, పెయింటింగ్ పని చేస్తాను):
మరకల మాట నిజమే. కానీ ముదురు గోడకు కుర్చీ వీపు రాసుకుంటే లోపలి లప్పం తెల్లటి గీతలా బయటపడుతుంది. అక్కడొక్కచోటే మళ్లీ రంగు పూస్తే అతుకు తెలిసిపోతుంది. కార్డు మీది వేలెడంత ముక్క చూసి మాత్రం డబ్బా కొనకండి. చిన్న డబ్బాలు తెచ్చి, రెండు రంగులూ గోడ మీద రెండేసి అడుగుల మేర రెండు కోట్లు వేయించండి. ఆరాక పొద్దున, సాయంత్రం, లైటు వేశాక చూడండి.

ప్రశ్న వేసినవారు:
వేయించి చూశాం. పొద్దున నెమలికంఠం ముక్క అచ్చం పట్టుచీర అంచులా మెరిసింది. రాత్రి తెల్ల ట్యూబ్‌లైటు కింద నల్లబడిపోయింది. క్రీమ్ కూడా అదే లైటులో పాలిపోయినట్టుంది. అమ్మ దగ్గరికెళ్లి చేత్తో తడిమి చూసి, "టీవీ వెనక గోడ ఒక్కటీ అయితే వేయించుకో" అంది. నాకు సోఫా వెనక గోడకే కావాలి. పెయింటరును బుధవారం రమ్మన్నాం. ఈలోగా పసుపు బల్బు పెట్టి ఇంకోసారి చూస్తాం.