‘లావొక్కింతయు లేదు’: ఆర్తి వృత్తంలో ఉన్నదా, వాక్యంలో ఉన్నదా?

ప్రశ్న:
పోతన భాగవతంలోని గజేంద్రమోక్ష పద్యం ఇది.

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను; మూర్ఛ వచ్చెఁ; దనువున్ డస్సెన్; శ్రమంబయ్యెడిన్;

వృత్తం (ఛందస్సు) శార్దూలవిక్రీడితమని, మ స జ స త త గ గణాలని, 13వ అక్షరం యతిస్థానమని (పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటని) గుర్తించగలిగాను. అయితే 3 గురువులతో (నిలిపి పలికే బరువైన అక్షరాలతో) మొదలయ్యే ఇంత బరువైన నడక, మొసలి పట్టులో సోలిపోతున్న ఏనుగు నోట ఎలా పొసిగింది? రసం కరుణ అని రాయవచ్చునా?

జవాబు 1:
శార్దూలానికి స్వతహాగా ఆర్తి లేదు. గణాలను కాసేపు పక్కన పెట్టి, వాక్యాలు ఎక్కడ తెగుతున్నాయో చూడండి. రెండో పాదంలోని 19 అక్షరాలు 5, 4, 5, 5గా విరిగాయి. ఊపిరి అందనివాడి మాట అలాగే ఉంటుంది. అంతకన్నా గొప్ప చోటు మొదటి పాదం చివర ఉంది. ‘ప్రాణంబులున్’ అనే కర్త అక్కడే నిలిచిపోగా, ‘ఠావుల్ దప్పెను’ అనే క్రియ కింది పాదంలోకి జారింది. ప్రాణాలు చోటు తప్పాయని చెప్పే వాక్యమే పాదం దాటి చోటు తప్పింది.

జవాబు 2:
వృత్తాన్ని అంత తేలికగా తీసివేయలేము. శార్దూలంలోని మొదటి గురువును 2 లఘువులుగా (తేలిక అక్షరాలుగా) విడదీస్తే మత్తేభం అనే మరో వృత్తం ఆరంభమవుతుంది. పరుగున బయలుదేరిన విష్ణువును చెప్పే ‘సిరికిం జెప్పఁడు’ ఆ వృత్తమే. ‘సిరి’ అనగానే అడుగు ముందుకు పడుతుంది, ‘లావొక్కిం’ మాత్రం కదలదు. అయితే ‘అల వైకుంఠపురంబులో’ కూడా మత్తేభమే, దాని మొదటి 3 పాదాల్లో తొందరే కనిపించదు. కనుక దీన్ని సూత్రం చేయడానికి నేనూ సాహసించను.

జవాబు 3:
కరుణ అని రాయకపోవడమే మంచిది. కరుణకు స్థాయి (మూలమైన భావం) శోకం, ఇక్కడ ఆశ ఇంకా తెగలేదు. ‘రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!’ అన్న చివరి పాదంలో పిలుపులు 5, 6, 8 అక్షరాలుగా పెరుగుతూ పోయాయి. శ్రమ, దైన్యం అనే సంచారులు (వచ్చిపోయే భావాలు) దైవవిషయకమైన రతిని, అంటే దేవుడిపై ప్రేమను, పోషిస్తున్నాయి. మమ్మటుని వంటి సంస్కృత ఆలంకారికులు (కావ్యశాస్త్రకారులు) దానిని రసమనక భావమన్నారు కాబట్టి, ‘భక్తిభావం’ అని రాస్తే ఆక్షేపణ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇన్నేళ్లూ ‘ప్రాణంబులున్’ దగ్గర రాగం తీసి, తీరికగా ఆగి, ఆ తర్వాతే ‘ఠావుల్’ అందుకునేవాడిని. మా అమ్మాయికీ అలాగే నేర్పాను.