నాలుగే రివాల్వర్లు అంటే ఏవి ఉంచుకోవాలి?

డాలస్_రాము:
టెక్సాస్‌లో ఉంటున్నాను, గ్రీన్ కార్డు ఉంది. సేఫ్‌లో నాలుగు రివాల్వర్లకే చోటు. అన్నీ రేంజిలో కాల్చుకునేలా ఉండాలి. కోల్ట్ పైథాన్, స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19, రూగర్ జీపీ100, వెబ్లీ మార్క్ 6 అనుకున్నాను. ఏది తీసేయాలి? పాతవి కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే ఏం చూసుకోవాలి?

సిలిండర్_శాస్త్రి:
మీ నాలుగులో మూడు .357 మాగ్నమ్ తూటా కాల్చేవే, మూడూ సిలిండర్ పక్కకి తెరుచుకునేవే. ఒకే కూర మూడు గిన్నెల్లో వడ్డించినట్టుంది. పేరు చూసి కాకుండా పనిచేసే తీరు చూసి ఎంచండి. సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్, అంటే తూటాని పేల్చే వెనక సుత్తి, చేత్తో ఎత్తాల్సినది) ఒకటి, పక్కకి తెరుచుకునేది ఒకటి, మధ్యకి విరిచి తెరిచేది (మీ వెబ్లీ అలాంటిదే) ఒకటి. నాలుగోది 1895 నాటి నాగాంట్: ఏడు తూటాలు, హ్యామర్ ఎత్తగానే సిలిండర్ ముందుకి జరిగి బారెల్‌తో ఉన్న సందు మూసేస్తుంది.

సింగిల్ యాక్షన్‌కి రూగర్ బ్లాక్‌హాక్ చాలు. 1973కి ముందుదైతే ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకి తగలనివ్వని పట్టీ) ఉండదు కాబట్టి ఐదే నింపి, హ్యామర్ కింద గూడు ఖాళీగా ఉంచాలి. కంపెనీ ఉచితంగా బార్ అమర్చి, పాత భాగాలు తిరిగిస్తుంది. మార్చిన తుపాకి కొంటుంటే ఆ పాత భాగాల సంచి కూడా అడగండి. అది లేకపోతే కలెక్టర్ల దగ్గర ధర పడిపోతుంది.

గోదారి_గన్‌స్మిత్:
శాస్త్రి గారి మాటే నాదీ, కాకపోతే మోడల్ 19 మాత్రం వదలొద్దు. దాని బలహీనత ఒకటుంది. క్రేన్‌కి (సిలిండర్‌ని పక్కకి తెరిచే చేతికి) చోటివ్వడానికి ఫోర్సింగ్ కోన్ (తూటా బారెల్‌లోకి దూరే వెనక అంచు) అడుగున చెక్కేశారు, లోహం అక్కడే పల్చన. 125 గ్రెయిన్ల వేడి మాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాల్చినవాటిలో పగులు అక్కడే వస్తుంది. సిలిండర్ తెరిచి చిన్న టార్చి వేసి ఆరు గంటల దిక్కున చూడండి. మీరు .38 స్పెషలే (అందులోనే పట్టే, తక్కువ పీడనం తూటా) కాల్చుకోండి.

వెబ్లీ విషయంలో జాగ్రత్త. అమెరికాలో చాలావాటికి .45 ఏసీపీ (పిస్టల్ తూటా) పట్టేలా సిలిండర్ వెనక ముఖం చెక్కేశారు. ఫ్యాక్టరీ .45 ఏసీపీ పీడనం ఆ తుపాకికి మించినది. ‘పడుతుంది కదా’ అని కాలిస్తే సిలిండర్ పగలొచ్చు.

కౌంటర్ దగ్గర, గూళ్ళన్నీ ఖాళీ అని చూసుకుని, దుకాణం వాళ్ళనడిగి:
సిలిండర్‌కి వేలు మెత్తగా ఆనించి హ్యామర్ నెమ్మదిగా ఎత్తండి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోపే సిలిండర్ లాక్ అవ్వాలి. లేకపోతే హ్యాండ్ (సిలిండర్‌ని తిప్పే మీట) గానీ రాచెట్ (ఆ మీట నెట్టే సిలిండర్ పళ్ళు) గానీ అరిగినట్టే. ప్రతి గూటికీ ఇలాగే చూడాలి, ఒక్కటి బాగుంటే చాలదు. పాత పైథాన్లలో మొదట తప్పేది ఈ టైమింగే, సరిచేసేవాళ్ళూ తక్కువ. 2020లో మళ్ళీ మొదలెట్టినవాటిలో లోపలి భాగాలు మార్చారు.
హ్యామర్ ఎత్తి ఉంచి వెనక నుంచి బొటనవేలితో నెట్టండి. హ్యామర్ పడకూడదు.
బారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టండి. 0.004 నుంచి 0.008 అంగుళం వరకు ఫరవాలేదు. సిలిండర్‌ని ముందుకొకసారి, వెనక్కొకసారి నెట్టి కొలిస్తే వచ్చే తేడానే ఎండ్ షేక్, అంటే సిలిండర్ ముందూవెనకల వదులు.
సినిమాల్లోలా మణికట్టు విసిరి సిలిండర్ మూసేవాడి చేతిలోంచి వచ్చినదైతే క్రేన్ వంగి ఉంటుంది.

నీలిరంగు:
రీబ్లూ (మళ్ళీ నీలం పూత) చేసిందో లేదో చెప్పేది అక్షరాల అంచులు. పాలిష్ పట్టినవి కరిగినట్టు ఉంటాయి, స్క్రూ రంధ్రాల అంచులు గుంటలు పడతాయి. పాత నీలం స్మిత్‌లో హ్యామర్, ట్రిగ్గర్ మీద కేస్ హార్డెనింగ్ రంగులు (ఉక్కుని గట్టిపరిచినప్పుడు వచ్చే రంగురంగుల మరకలు) కనబడాలి. అవి కూడా నల్లగా ఉంటే మళ్ళీ రంగేసినట్టే. 1982కి ముందు మోడల్ 19కి బారెల్‌ని ఫ్రేమ్‌కి బిగించే పిన్ను, తూటా అంచు లోపలికి మునిగేలా లోతుగా తొలిచిన గూళ్ళు ఉంటాయి, పాతదీ కొత్తదీ ఒకే ధరకి దొరికితే పాతదే తీసుకోండి.

50 ఏళ్ళు దాటినవాటికి ఫెడరల్ సీ అండ్ ఆర్ (పాత తుపాకులు సేకరించేవాళ్ళ) లైసెన్సు ఉంది, మూడేళ్ళకి 30 డాలర్లు. హెచ్-1బీ మీద ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట: వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప మీరు తుపాకి ఉంచుకోవడమే నేరం. ఇండియాలో అయితే ఆయుధాల చట్టం 2019 సవరణ తర్వాత ఒక్కరికి రెండే.

దాచేటప్పుడు తోలు హోల్‌స్టర్‌లో మాత్రం ఉంచకండి. తోలు తేమ పట్టి నీలం కింద తుప్పు మొదలవుతుంది.