సంక్రాంతికి యాప్‌లు బంద్ అని అపార్ట్‌మెంట్‌లో తీర్మానం. మీరైతే ఓటేస్తారా?

రెండో అంతస్తు:
మాది విజయవాడ, పటమట వైపు. 48 ఫ్లాట్లు. మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగ్ సెల్లార్ లైట్ల గురించి మొదలై ఎటెటో తిరిగింది. చివరికి ‘ఈ సంక్రాంతికి బట్టల దగ్గర్నుంచి పిండివంటల దాకా అన్నీ మన ఊరి షాపుల్లోనే కొనాలి, యాప్‌లలో ఎవరూ ఏమీ తెప్పించకూడదు’ అనే తీర్మానం దగ్గర తేలింది. కిందటేడు ఎవరో భోగి పిడకలు కూడా యాప్‌లో తెప్పించారట. ఒక పెద్దాయనకి ఆ కోపం ఇంకా చల్లారలేదు. పండగ వారమంతా డెలివరీ వాళ్లని గేటు దగ్గరే ఆపేయాలని ఇంకొకాయన.

నేను ఒప్పుకోలేదు. మాకు పార్సిళ్లు తెచ్చే అబ్బాయిది సింగ్‌నగర్. పార్సిల్‌కి ఇంత అని లెక్క. పండగ వారమే వాడికి నాలుగు డబ్బులు కనిపించేది. వాణ్ని గేటు బయట నిలబెట్టి ‘లోకల్‌ని కాపాడాం’ అనుకోవడమేంటి? ఈ మాట అన్నందుకు నేను ఊరికి ద్రోహినయ్యాను. వచ్చే ఆదివారం ఓటింగ్. ఈలోపు మీరేమంటారో చెప్పండి.

వన్‌టౌన్ గల్లా:
వస్త్రలత హోల్‌సేల్ బట్టల మార్కెట్‌కి దగ్గర్లో మాకు షాపు ఉంది, నాన్నగారు పెట్టింది. గేటు ఆపమని మేమెవరం అడగలేదండీ, ఆ పాపం మాకొద్దు. మా బాధ వేరు. ఫ్యామిలీ అంతా వస్తారు, గంటన్నర కూర్చుంటారు, నలభై చీరలు మడత విప్పిస్తారు, ఒకదానికి ఫొటో తీసుకుని ‘మళ్లీ వస్తాం’ అని వెళ్లిపోతారు. ఆ ఫొటో దేనికో మాకు తెలీదా?

మాకు దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్ తప్ప మిగతా ఏడాదంతా ఈగలు తోలుకోవడమే. షాపులో ఆరుగురు కుర్రాళ్లున్నారు, పండక్కి ఇంకో నలుగుర్ని పెడతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు మా గోడౌన్‌లో స్టాక్ మొత్తం తడిసింది, కేజీల లెక్కన అమ్ముకున్నాం. నెల తిరిగేసరికి దసరా వచ్చింది. పాత కస్టమర్లు వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. కుర్రాళ్లకి జీతాలు ఆపకుండా ఇవ్వగలిగింది అందుకే. నాకు తెలిసిన లోకల్ సపోర్ట్ అంటే అదే. దానికి తీర్మానం ఎవరూ చెయ్యలేదు.

మెడలోతు నీళ్లు:
వరద మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. ఆ నాలుగు రోజులూ మేం డాబా మీదే ఉన్నాం. మా వీధి చివర ఒక కొట్టాయన పాల ప్యాకెట్ వంద రూపాయలకి అమ్మాడు. ఎదురు కొట్టాయన తన సరుకు సగం నీళ్లలో ఉండగా, పైఅరలో మిగిలిన బిస్కెట్లు, కొవ్వొత్తులు తాడుతో పైకి పంపించాడు, ‘డబ్బులు తర్వాత చూద్దాంలే’ అన్నాడు. ఇద్దరూ లోకలే! మీ తీర్మానం ఇద్దర్నీ ఒకే గాటన కడుతోంది. ఇవాళ్టికీ నేను రెండో కొట్టులో రేటు అడగకుండా కొంటాను, మొదటి కొట్టు గడప తొక్కను.

ఫాల్ పీకో:
నాకు ఊరి మీద ప్రేమ ఉంది కానీ మార్చి ఇవ్వని షాపు మీద లేదు. పోయిన దసరాకి పాపకి బీసెంట్ రోడ్‌లో ఒక షాపులో పరికిణీ కొన్నాం. ఇంటికొచ్చి చూస్తే అంచు దగ్గర అరచేతి మేర చిరుగు. తీసుకెళ్తే గోడ మీద బోర్డు చూపించారు, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. యాప్‌లో అయితే ఫొటో పెడితే చాలు, మనిషి వచ్చి పట్టుకుపోతాడు.

అలాగని యాప్‌లో కొంటే పని అక్కడితో అయిపోదు. చీర అక్కడ కొన్నా ఫాల్ కుట్టేదీ, జాకెట్టు కుట్టేదీ మా వీధి ఆవిడే. పండగ ముందు ఆవిడ రాత్రి ఒంటిగంట దాకా మిషన్ తొక్కుతుంది. ఏ తీర్మానంలోనూ ఆవిడ ఊసు రాదు.

జమాఖర్చు:
ఫాల్ పీకో గారూ, ఆ బోర్డుకి మీరు భయపడనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోవడానికి షాపు నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ లోపు, లేకపోతే 30 రోజుల లోపు. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. కానీ ఆ రోజు మీ చేతిలో బిల్లు ఉందా? తెల్ల చీటీ మీద మొత్తం రాసి ఇచ్చి ఉంటారు, మీరూ ఊరుకుని ఉంటారు.

గల్లా గారూ, మీరు నొచ్చుకోకండి, నేను మీలాంటి పదిమంది షాపుల లెక్కలు రాస్తాను. ‘బిల్లు కావాలంటే ట్యాక్స్ అదనం’ అనే మాటే కస్టమర్‌ని యాప్ వైపు నెడుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు రెడీమేడ్ బట్టలకి జీఎస్టీ 5 శాతమే. చిన్న వ్యాపారులకి ఉండే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న షాపు అసలు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయనేకూడదు. అలాంటప్పుడు ఎవరికి భయపడి బిల్లు దాస్తున్నట్టు?

గుంటమగ్గం:
మాది మంగళగిరి, నేత కుటుంబం. మీ అందరి మాటల్లో ‘లోకల్’ అంటే షాపు అడ్రస్ అయిపోయింది. బీసెంట్ రోడ్‌లో కొన్నంత మాత్రాన చీర ఇక్కడిదైపోతుందా? అక్కడ వేలాడే వాటిలో సగానికి సగం సూరత్ నుంచి వచ్చినవే. అదే యాప్‌లో మా పక్కింటి కుర్రాడు తన తండ్రి నేసిన చీరలు ఫొటోలు తీసి అమ్ముతున్నాడు. ఏది లోకల్?

మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, మేం నేసి మజూరీ తీసుకుంటాం. చీర షాపులో ఎంతకి పోయినా మా మజూరీ మారదు. అందుకే ఆ కుర్రాడు సొంతంగా అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో జీఎస్టీ నంబరు లేకుండా యాప్‌లోకి రానివ్వలేదు. 2023 అక్టోబరు నుంచి చిన్నవాళ్లకి ఆ నిబంధన సడలించారు, అదీ సొంత రాష్ట్రంలో అమ్మకాల వరకే.

ఇంకో పక్క అదే యాప్‌లో ‘మంగళగిరి’ పేరుతో మరమగ్గం చీర 500కి దొరుకుతోంది. మా చీరలకి పేరు తెచ్చిన నిజాం అంచు వేసినంత మాత్రాన అది మంగళగిరి కాదండీ. చేనేత మార్కు లేబుల్ చూడండి, అంచు చివర సన్నటి సూది రంధ్రాల వరస ఉందేమో చూడండి. కుదిరితే బస్సెక్కి ఇక్కడికే రండి. ఎంత దూరమని!

వన్‌టౌన్ గల్లా:
జమాఖర్చు గారు చెప్పింది మా అందరికీ తగిలింది, తగలాల్సిందే. చిరుగున్న పరికిణీ వెనక్కి తీసుకోని వాడి తరఫున నేను మాట్లాడను. బేరం సంగతి కూడా చెప్పేస్తాను. చాలామంది ‘పాపం చిన్న షాపు’ అని బేరమాడటం మానేశారు. అలా మానొద్దండీ, మేం చెప్పే రేటులో బేరం ఎలాగూ కలిసే ఉంటుంది!

పాకం పట్టే చెయ్యి:
నేను ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతాను. జంతికలు, సున్నుండలు ఎప్పుడైనా చేసి పెట్టుకోవచ్చు. అరిసెలు అలా కాదు. బియ్యం ముందురోజే నానబోయాలి, తడి ఆరకముందే పిండి ఆడించాలి, పాకం ఒక్క నిమిషం ముదిరితే మొత్తం రాయి. ఎన్ని కేజీలో వారం ముందే తెలియాలి. అప్పుడే సాయానికి ఇద్దరిని పిలుచుకుంటాను.

ఇలాగే ‘లోకల్‌నే ప్రోత్సహిస్తాం’ అన్న ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు కిందటేడు ఎనిమిది కేజీలు చెప్పారు. భోగి ముందు రోజు ఫోన్ చేసి ‘అక్కా, మా వదిన వాళ్లు పంపించారు, మూడు కేజీలు చాలు’ అన్నారు. మిగిలిన ఐదు కేజీలు కనుమ దాకా ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాను. యాప్‌కి అయితే అందరూ ముందే డబ్బు కడతారు. నా దగ్గరికొచ్చేసరికి అడ్వాన్స్ అడిగితే మొహం మాడ్చుకుంటారు. మీరు తీర్మానం చేసినా చేయకపోయినా నాకు ఒకటే. అడ్వాన్స్ ఇవ్వండి.

రెండో అంతస్తు:
నిన్న రాత్రి ఈ చర్చంతా మా పెద్దాయనకి చదివి వినిపించాను. అరిసెల దగ్గర ఆగి, ‘ఆ అపార్ట్‌మెంట్ మనదేనా?’ అన్నాడు. మనది కాదనే నేనూ అనుకుంటున్నాను.

గేటు దగ్గర ఆపడం అనే మాట తీసేశారు. దాని బదులు పిండివంటలు చేసేవాళ్ల, కుట్టుపని వాళ్ల నంబర్లు లిఫ్ట్ పక్కన అతికిస్తున్నాం. 48 ఫ్లాట్ల అరిసెల ఆర్డరు ఒకేసారి, సగం డబ్బు ముందే. పాకం గారూ, కాయితం మీద మొదటి నంబరు మీదే ఉంటుంది, ఇన్‌బాక్స్‌లో పంపండి. బట్టల సంగతి ఎవరిష్టం వాళ్లది. నేను మాత్రం ఆదివారం మా ఆవిణ్ని తీసుకుని వన్‌టౌన్ వస్తున్నాను. ఫొటోలు తీయను, బిల్లు అడుగుతాను.

వన్‌టౌన్ గల్లా:
రండి, తప్పకుండా ఇస్తాను. భోగి ముందు రోజు సాయంత్రం మాత్రం రాకండి. ఆ రోజు మా నాన్నగారు వచ్చి అడిగినా బిల్లు రాసే తీరిక నాకుండదు.